మేలట్టూరు తిరునాళ్ళలో తెలుగు నాటకము

తంజావూరు మండలములో, కావేరి పాయల నడుమ, మేలట్టూరను పల్లె యొకటి కలదు. మన పెద్దల పుస్తకములలో దీనికి మెరట్టూరను పేరును గానవచ్చును. తంజావూరినుండి యీశాన్యముగా బోవువారికి ఇరువది కిలోమీటరులకు లోపలనే తగులును. అగ్రహారపు వీథులు, వరిపొలములు, కొబ్బరితోపులు, వరదరాజస్వామి కోవెల: ఇంతకు మించి బాటసారి కంటికి విశేషముగా దోచునది లేదు. కాని ప్రతి సంవత్సరమును వైశాఖ శుద్ధ చతుర్దశినాడు, అనగా నృసింహజయంతి నాటి రాత్రి, ఆ కోవెల యెదుటి వీథిలో పందిరి వేసి తెల్లవారువరకు తెలుగులో ప్రహ్లాదచరిత్రము నాడుదురు. వేషములు కట్టువారు ఇంటిలో తమిళము మాటలాడు గృహస్థులు. చూడవచ్చిన జనములో పెక్కుమందికి తెలుగు రాదు. అయినను నాటకమును తమిళములోనికి మార్పవలెనని వారెన్నడును తలపెట్టలేదు.

శ్రోతలారా, ఈ యొక్క రాత్రి వెనుక దాదాపు నాలుగు వందల యేండ్ల చరిత్ర యున్నది. ఆ చరిత్రను మనవారు చెప్పుకొనునప్పుడు సాధారణముగా తంజావూరి రాజులతో నారంభించి రాజులతోనే ముగింతురు. నాకు మాత్రము రాజుల తరువాతి కథయే ముఖ్యమైనదిగా దోచినది. రాజు పోయిన పిమ్మట ఆ భాషను ఆ యూరిలో నిలిపినదెవరు? ఏ కారణముచేత నిలిపిరి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేనొక మే నెలలో మేలట్టూరికి బోయితిని. చూచినది చెప్పుటకు ముందు, తెలుగు అచ్చటి కెట్లు చేరినదో కొంచెము చెప్పవలెను.

తంజావూరు నాయకరాజ్యము విజయనగర సామ్రాజ్యపు కొమ్మ. 1532 ప్రాంతమున సేవప్పనాయకుడు దానికి మొదటి ప్రభువైనాడు. అతని కుమారు డచ్యుతప్ప. 1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము కూలగా, రాజధాని నాశ్రయించి బ్రదుకుచుండిన పండితులు, గాయకులు, నటులు దిక్కు వెదకికొనవలసిన వారైరి. వారిలో ననేకులకు కావేరీతీరము దిక్కైనది. నీరు సమృద్ధిగా గల దేశము, తెలుగు తెలిసిన ప్రభువు: కవికిని నటునికిని అంతకన్న కావలసినదేమి?

అచ్యుతప్పనాయకుడు ఐదు వందల పది బ్రాహ్మణ కుటుంబములకు ఈ యూరు దానము చేసెననియు, ఒక్కొక్క కుటుంబమునకు ఇల్లును, బావియు, కొంత పొలమును ఇచ్చెననియు మేలట్టూరివారి సంప్రదాయము చెప్పుచున్నది. దానివలననే యూరికి అచ్యుతపురమను పేరు వచ్చినది. దాన కథలలో సంఖ్యలు పెరుగుట లోకసహజము గనుక ఐదు వందల పదిని ఎవరైన నొప్పకపోయిన నేను వాదింపను. కాని ఆ కథలో బావి మాట నాకు మిక్కిలి నచ్చినది. రాజు కవికి కనకాభిషేకము చేసిన కథలు మనకు కోకొల్లలుగా నున్నవి. బంగారము ఒక తరములో కరగిపోవును. ఇల్లు, బావి, పొలము ఇచ్చినచో మనుమడును అచ్చటనే యుండును. నాటకము నిలుచుటకు కవికన్న ముందు మనుమడు కావలెను గదా.

అచ్యుతప్ప తరువాత రఘునాథనాయకుడు 1600 మొదలు 1634 వరకును, అతని కుమారుడు విజయరాఘవుడు 1673 వరకును ఏలిరి. ఈ యిరువురి కాలమున తంజావూరు తెలుగు సాహిత్యమునకు రాజధానియైనదన్న అతిశయోక్తి కాదు. విజయరాఘవుడు స్వయముగా యక్షగానములు రచించినాడు. అతని కొలువునందలి పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును రచించినది. నాయకుల పిమ్మట వచ్చిన మహారాష్ట్ర ప్రభువుల యింటిభాష మరాఠీ. వారు పాలించిన ప్రజల భాష తమిళము. అయినను 1684 మొదలు 1712 వరకు ఏలిన శాహజీ మహారాజు తెలుగులోనే పల్లకీసేవాప్రబంధాదులను రచించెను. ఏలువాడును ఏలబడువాడును మాటలాడని భాష యొకటి నాటకశాలలో సింహాసన మెక్కి కూర్చున్నది! ఇటువంటి వింత లోకములో నరుదు. సంగీతమునకు తెలుగే తగినదని నాటి దక్షిణదేశము నమ్మినది. ఆ నమ్మకమే దీనికి మూలము.

కాని కొలువులోని నాటకము వేరు, వీథిలోని నాటకము వేరు. కొలువులో శృంగారము ప్రధానము, రాజు నాయకుడు, వేశ్యలు నటీమణులు, రంగాజమ్మ వంటి విదుషీమణులు కవయిత్రులు. అగ్రహార వీథిలో భక్తి ప్రధానము, నాయకుడు దేవుడు, నటులందరును పురుషులే. స్త్రీ పాత్రలను సైతము పురుషులే ధరింతురు. కొలువులో స్త్రీకి గంటము నిచ్చిన కాలమే వీథిలో నామెకు గజ్జె నీయలేదు. భాగవతమేళపు పవిత్రతను గూర్చి వ్రాయువారు ఈ మాటను దాటవేయుట నాకు సమ్మతము కాదు. నటకులములోని స్త్రీల చేతిలో నుండిన కళను గృహస్థులు తమ వీథికి దెచ్చుకొని, దానినుండి ఆ స్త్రీలను మినహాయించిరి. ఆ మినహాయింపును కళ యొక్క పరిశుద్ధి యని పిలిచిరి. కళ నిలిచినది నిజము. వెల యెవరు చెల్లించిరో అదియు నిజమే.

మేలట్టూరు సంగీతవిద్వాంసుల పుట్టినిల్లుగా 18వ శతాబ్దిలోనే పేరుగాంచినది. ముత్తుస్వామి దీక్షితుల తండ్రియగు రామస్వామి దీక్షితులు సంగీతము నేర్చుకొన్నది మేలట్టూరు వీరభద్రయ్య యొద్దనే. ఈ యూరివాడే వేంకటరామశాస్త్రి. నేడు మేలట్టూరిలో ఆడు నాటకములు ముఖ్యముగా ఈయన రచనలే. ఈయన త్యాగరాజస్వామికి సమకాలికుడు. ప్రహ్లాదచరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర, మార్కండేయ, రుక్మాంగద, గొల్లభామ మొదలైనవి ఈయన పేర నున్నవి. త్యాగరాజస్వామి సైతము ప్రహ్లాదభక్తివిజయము, నౌకాచరిత్రము అను రెండు గేయనాటకములు రచించిన సంగతి మీ రెరుగుదురు. ఒకే కాలమున, ఒకే నదీముఖమున, ఇరువురు తెలుగు వాగ్గేయకారులు ప్రహ్లాదుని కథనే నాటకముగా గట్టిరి. త్యాగరాజస్వామి కీర్తి కీర్తనలవలన లోకమంతట వ్యాపించినది. వేంకటరామశాస్త్రి కీర్తి ఆయన యూరిలోనే యుండిపోయినది. ఆయన నాటకము వినవలెనన్న వైశాఖమాసమున ఆ యూరికే పోవలెను.

ఇక రాజుల కథ యెట్లు ముగిసినదో వినుడు. 1799 నాటి సంధిచేత శరభోజి మహారాజు దేశమును ఇంగ్లీషు కంపెనీకి వదలి, కోటను మాత్రమే నిలుపుకొన్నాడు. 1855లో పురుషసంతానము లేదను కారణముచేత ఆ మిగిలిన మర్యాదయు హరింపబడినది. ఆస్థానకవులు, ఆస్థానగాయకులు చెదరిపోయిరి. యక్షగానముల తాళపత్రములు సరస్వతీమహలు గ్రంథాలయములో జేరి పండితులకై యెదురు చూచుచు గూర్చుండెను. కొలువులో ఆడిన నాటకము కొలువుతోడనే నిలిచిపోయినది. మేలట్టూరి నాటకము నిలిచిపోలేదు. ఏలయన, దానిని చూచు ప్రభువు తంజావూరిలో లేడు, కోవెలలో నున్నాడు.

ఈ యుత్సవము వేసవి నడుమ వచ్చుటకు శాస్త్రకారణము నృసింహజయంతి. దానికి తోడు కావేరి సేద్యమునందును ఒక కారణము కలదు. మాఘ ఫాల్గుణములకే వరికోతలు ముగియును. తరువాత నది యెండును. 1934లో మేట్టూరు ఆనకట్ట పూర్తియైనది మొదలు, నీరు చాలిన సంవత్సరములలో, జూన్ 12న తలుపులెత్తి సేద్యమునకు నీరు వదలుట యాచారమైనది. ఆనకట్ట లేని కాలమునను కొత్తనీటి రాక ఇంచుమించు అప్పుడే. కనుక వైశాఖమున రైతునకు పని లేదు, కూలికి పని లేదు, కాలువలో నీరు లేదు, గాదెలో ధాన్యమున్నది. పగలు నిలువలేని యెండ, రాత్రి నిద్రపట్టని యుక్క. నిద్ర యెట్లును పట్టదు గనుక పందిరిక్రింద గూర్చుండి రాజు కొడుకు కష్టములు వినుట మేలు. మన తెలుగునాట తిరునాళ్ళును జాతరలును అనేకము కోతల తరువాతి యీ తీరికకాలముననే వచ్చుట మీ రెరిగినదే.

నేను పోయిన నాడు సాయంకాలమునకే వీథి నిండినది. అరటికంబములు కట్టిన పందిరి. గాజుల దుకాణములు, బొమ్మల దుకాణములు, పిల్లల బూరలు. జయంతి గనుక పానకమును, నీరుమజ్జిగయు, వడపప్పును పంచుచుండిరి. నాదస్వరము ముందు నడువగా స్వామి ఊరేగింపు వచ్చినది. డోలు దెబ్బ ఇండ్ల గోడలకు దగిలి తిరిగి వచ్చుచుండ, ఆ సన్నని వీథియే యొక వాద్యమువలె మ్రోగినది. చీకటి పడినకొలది చాపలు, దుప్పట్లు, నిద్రించు పిల్లలు, విసనకఱ్ఱలు, తాంబూలపు పెట్టెలు పందిరి క్రిందికి జేరినవి. రంగస్థలము కోవెల కెదురుగా నుండును. నటుడు చూచునది దేవుని ముఖమును. మనము నడుమ గూర్చుండి ఇరువురి సంభాషణమును వినుచున్న వారము. ఈ కూర్చుండుటలోనే ఆ నాటకమునందలి తత్త్వమంతయు నున్నదని నాకు దోచినది.

రాత్రి చాలసేపైన పిమ్మట మొదట కోణంగి వచ్చును. మొనదేలిన టోపి, చిత్రమైన వేషము, తాళమునకు దగిన గంతులు. పిల్లలు నిద్ర లేచి కూర్చుందురు. పిమ్మట భాగవతులు వెనుక నిలువబడి తోడయమంగళము పాడుదురు. తరువాత గణపతి. ఊరి బాలు డొకడు ఏనుగు మొగము ముసుగు ధరించి వచ్చి, ఆడి, ఆశీర్వదించి పోవును. తదుపరి రాజు వచ్చుచున్నాడని కటికవాడు చాటును. అప్పుడు హిరణ్యకశిపుడు.

ఒక్కొక్క పాత్రకును ప్రవేశ దరువు కలదు. తెర పట్టుదురు, తెరవెనుక నున్న పాత్రను గూర్చి భాగవతులు పాడుదురు, తెర తొలగును, పాత్ర ఆ పాటకే ఆడుచు ముందుకు వచ్చును. తాను ఎవరో, ఎట్టివాడో అంతయు పాటలోనే చెప్పబడును గనుక, వేషము గుర్తింపని వారికిని సంశయముండదు. దరువుల నడుమ కందము, సీసము, ద్విపద, చూర్ణిక, వచనము. దరువు పాడుచు ఆడుదురు. పద్యమును రాగము సాగదీసి చదువుదురు. వచనమును నటుడే పలుకును. భైరవి, అఠాణా, ఆహిరి, ఘంట మొదలైన పాత రక్తిరాగములు ఇచ్చట కచేరీలోవలె విస్తరింపబడవు. సన్నివేశమునకు కావలసినంత మాత్రము వచ్చి తొలగిపోవును. లీలావతి కొడుకును గూర్చి దుఃఖించినప్పుడు పాడిన ఆహిరి నాకిప్పటికిని చెవిలో నున్నది. పాడి యాడినవాడు నడివయస్సు దాటిన పురుషుడు. తల్లి కాదని యెవరికిని తోచలేదు. నా ప్రక్క గూర్చున్న ముసలమ్మకు తెలుగులో నొక్క మాటయు రాదు. ఆమె కండ్లు తుడుచుకొనుచుండెను.

ఏడిపించునది యొక్కటే యైనచో జనము తెల్లవారువరకు నిలువదు. ప్రహ్లాదుని బెదరించుటకు రాజు పంపిన మల్లులు, పాములవాడు వచ్చినప్పుడు వీథి యంతయు నవ్వినది. శాస్త్రజ్ఞులు ఈ భాగములను చులకన చేసి వ్రాయుటకద్దు. నాకట్లు తోచదు. రెండుజాముల రాత్రి దాటిన పిమ్మట చాపమీద పండుకొన్న కూలివానిని మరల లేపి కూర్చుండబెట్టునది ఈ పాములవాడే. అతడు లేనిచో నరసింహుడు వచ్చువేళకు పందిరిలో పండితులును దోమలును మాత్రమే మిగులుదురు.

నరసింహుని వేషము సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. ఆ ముసుగు నాటక సామగ్రి కాదు. సంవత్సరమంతయు దానికి పూజ జరుగును. దానిని ధరించువాడు ఆ దినమున ఉపవాసముండును. తెల్లవారుజామున, స్తంభమునుండి స్వామి వెడలువేళకు, పందిరిలో నిద్రించువా డొక్కడును లేడు. ముసుగు ధరించిన వానికి ఆవేశము కలుగును. ఇరువురు ముగ్గురు ఇరుప్రక్కల పట్టుకొని నిలుపుదురు. హిరణ్యకశిపుడును నరసింహుడును వాదమాడుదురు. పురాణములో దైత్యుని వధ పగలును రాత్రియు గాని సంధ్యవేళ జరిగినది. అది సాయంసంధ్య. మేలట్టూరిలో రాత్రి గడచి వచ్చు ప్రభాతసంధ్య దాని స్థానమును బొందినది. రాత్రి నాటకమునకు వేరు మార్గము లేదని చెప్పవచ్చును. కాని తూర్పు తెలుపెక్కుచుండగా, దీపము వెలుగునకును పగటి వెలుగునకును నడుమ ఆ సింహముఖము కనబడినప్పుడు, ఈ సంధ్యయే సరియైనదని నాకు దోచినది. ఆ నిమిషమున వీథిలో నటుడు లేడు, ప్రేక్షకుడు లేడు. స్త్రీలు చేతులు జోడించిరి, కర్పూరహారతి వెలిగినది.

శ్రోతలు నన్నొక మాట అడుగవచ్చును: భాష తెలియకయే ఇంత జరిగినప్పుడు, ఆ భాష తెలుగైన నేమి, మరొకటియైన నేమి? నేనును ఈ ప్రశ్ననే పట్టుకొని నటులతో మాటలాడితిని. వారిలో కొందరి పూర్వులు తెలుగువారు. ఇంటిలో ఆ భాష ఏనాడో పోయినది. అయినను వారు అర్థము తెలియక చిలుకలవలె వల్లించుచున్నారని తలపకుడు. నాతో మాటలాడిన నటు డొకడు తన పాత్రలోని ప్రతి పాదమునకును అర్థము చెప్పగలడు. కాని బజారులో వంకాయ ధర తెలుగులో నడుగలేడు! మన తెలుగునాట దీనికి సరిగా విపరీతముగా నున్నది. వంకాయ ధర బాగుగ నడుగుదుము. సీసపద్యమునకు అర్థము చెప్పుమన్న దిక్కులు చూతుము.

వారి పుస్తకములు చూచినప్పుడు నాకు మరింత యాశ్చర్యము కలిగినది. పాతప్రతులు తెలుగులిపిలోను గ్రంథలిపిలోను ఉండగా, కొత్తతరమువారి నోటుపుస్తకములలో తెలుగు మాటలు తమిళలిపిలో నున్నవి. తమిళలిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగింటికి ఒక్కటే యక్షరము. ప, ఫ, బ, భ అను నాలుగింటికి ఒక్కటే. కనుక నారదుడు చెప్పు కథయు, హిరణ్యకశిపుని చేతి గదయు ఆ లిపిలో నొక్కటే రూపమున నుండును. బలమును ఫలమును భేదము లేక కనబడును. అక్షరముల ప్రక్క ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసి ఈ భేదమును చూపు పద్ధతి తమిళదేశపు కీర్తనల పుస్తకములలో నున్నది. కాని అంకె చూచి పాత్ర నాడువాడెవడు? ఇచ్చట పుస్తకము జ్ఞాపకమునకు ఊతకఱ్ఱ మాత్రమే. అసలు ప్రతి తండ్రి నోటిలో నున్నది, మేనమామ నోటిలో నున్నది. ఒక తరము మేలట్టూరు విడిచి, నాటకము నేర్పక, నోటుపుస్తకము మాత్రము మిగిల్చి పోయినచో, ఆ తెలుగును ఆ కాగితమునుండి మరల పుట్టించుట కష్టము.

ఈ భయము ఊహ కాదు. భాగవతమేళము మేలట్టూరిలో మాత్రమే కాదు, చుట్టుపట్ల సాలియమంగళము, తేపెరుమానల్లూరు, ఊత్తుక్కాడు, శూలమంగళము, నల్లూరు గ్రామములలోను ఉండెడిది. నేడు మొదటి రెండింటిలో నున్నది. తక్కిన మూడింటిలో లేదు. ఆ మూడూళ్ళలోను కోవెలలున్నవి, పొలములున్నవి, నృసింహజయంతియు వచ్చుచున్నది. నేర్పువాడు పోయెను, నేర్చువాడు పట్టణమునకు బోయెను, అంతే. మేలట్టూరిలోనే నాటకము నడుమ నడుమ ఆగిపోయిన కాలములు కలవు. దానిని మరల నిలబెట్టిన వారిలో భారతము నటేశయ్యరు పేరు ఆ యూరివారు నేటికిని గౌరవముతో దలతురు. పిమ్మట చెన్నపట్టణపు న్యాయవాది ఇ. కృష్ణయ్యరు (1897–1968), దక్షిణదేశపు నాట్యమునకై పాటుపడినట్లే, ఈ మేళమునకును లోకప్రసిద్ధి కలుగుటకు పాటుపడెను. రుక్మిణీదేవి (1904–1986) కళాక్షేత్రమున ఉషాపరిణయమును మేలట్టూరి సంప్రదాయమునుండి గ్రహించి ప్రదర్శింపజేసెను. ఆ విధముగా వీథి మూసిన ద్వారము పట్టణ రంగస్థలమునందు స్త్రీలకు తెరువబడినది.

మనవారు కొందరు దీనిని కూచిపూడికి కొమ్మ యని తేలికగా తేల్చివేయుదురు. దరువు, పాత్రప్రవేశము, పురుషులే స్త్రీవేషము ధరించుట: పోలికలు స్పష్టము, చుట్టరికము కాదనలేము. కాని భేదమును జూడవలెను. కూచిపూడి భాగవతులు మేళము కట్టుకొని ఊరూర తిరిగిరి, జమీందారులను మెప్పించిరి, ఊరు మారినకొలది ఆట మారినది. మేలట్టూరివారికి ఊరు మారుట లేదు. ఆట వారికి జీవనోపాధి కాదు, మ్రొక్కు. తిరుగు మేళమునకు లోకజ్ఞానము వచ్చినది. నిలిచిన మేళమునకు జ్ఞాపకశక్తి మిగిలినది. ఒకటి రెండవదానికి కొమ్మ యనుటకన్న, ఒకే చెట్టు గింజలు రెండు వేరు నేలలలో బడెననుట న్యాయము.

నేడు నటులలో ననేకులు చెన్నపట్టణము మొదలైన నగరములలో కార్యాలయములలోను బ్యాంకులలోను పనిచేయువారు. సంవత్సరమున కొకమారు సెలవు పెట్టి వత్తురు. ఆ సెలవే ఇప్పుడు అచ్యుతప్పనాయకుని దానమునకు బదులు. హరిశ్చంద్ర నాటకమునకు రెండు రాత్రులు కావలెను. రెండు రాత్రుల జాగరమునకు సెలవిచ్చు అధికారి దొరకుట, మరునాటి పనిమాని చూచు జనము దొరకుట, రెండును నానాటికి కష్టమగుచున్నవి. అక్కడక్కడ దరువులు తగ్గింపవలసి వచ్చుచున్నదని యొక పెద్దాయన విచారించినాడు. ఏ దరువు తగ్గింతురని యడిగితిని. కష్టమైన దరువునే యని బదులు చెప్పి, దానిని పూర్తిగా పాడి వినిపించినాడు. విన్నది నేనును, అరుగుమీది పిల్లియు.

నాటకమునాటి మధ్యాహ్నము ఆ వీథిలోనే మరొక యింటి ముందు నిలిచితిని. లోపల నొక తండ్రి యెనిమిదేండ్ల కొడుకునకు పాఠము చెప్పుచుండెను. బాలుడు ‘పక్తి’ యనును. తండ్రి ‘భక్తి’ యనును. బాలుడు మరల ‘పక్తి’ యనును. తండ్రి కోపింపక, వాని యరచేతిని తీసికొని తన పెదవుల ముందుంచి, ‘భక్తి’ యని పలికి, ఆ ఊపిరి వేడి వానికి దగులునట్లు చేసెను. పిల్లవాడు చేయి చూచుకొని నవ్వి, అట్లే తన చేతిమీద ఊది పలుక నారంభించెను.